మేనేజరుకు స్నానం

మా ఊరు కొండల మధ్య, దట్టమైన అడవిలో ఉంటుంది. నేల కింద నుంచి వేడినీళ్లు పొంగుకొస్తాయి. ఎంత వేడంటే, ఒకసారి ఆ బుగ్గలో ఎవరో గుడ్డు వేస్తే క్షణంలో పిల్ల బయటికొచ్చిందట, కోడిపెట్ట వచ్చి ఊరందరినీ తిట్టి దాన్ని వెంటబెట్టుకు పోయిందట. నమ్మకపోతే మీ ఇష్టం, కోడి మాత్రం నమ్మింది.

మోకాళ్లు పట్టేసినవాళ్లు ఆ నీళ్లలో నానడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లతోపాటు కుక్కలూ వస్తాయి. యజమాని తొట్టెలో కూర్చుంటే కుక్క ఒడ్డున ఎంతసేపని కూర్చుంటుంది? అందుకని చుట్టూ ఉన్న కొండల మీద కుక్కలతో నడవడానికి దారులు వేశారు. చెట్ల మొదళ్లకు పసుపు రంగుతో పంజా గుర్తులు ఉంటాయి. ఆ దారుల్లో జనానికి ముందు నడవడం నా పని. నాకంటే ముందు నడవడం మేనేజరు పని.

మేనేజరు నా కుక్క. పని తక్కువ, పెత్తనం ఎక్కువ కాబట్టి ఆ పేరు పెట్టాను. వాడు మోర ఎత్తి గాలి పీల్చాడంటే ఎదురుగా అడవిపంది ఉందో, వాన రాబోతోందో తెలిసిపోయేది. మా అక్క ఇంట్లో చారు ఎప్పుడు పొంగుతుందో కూడా చెప్పేవాడంటాను, అక్క ఒప్పుకోదు.

కొండ ఎక్కే ముందు మాకొక పద్ధతి ఉండేది. కంచె వేసిన ఖాళీ జాగాలో, వచ్చిన కుక్కలన్నిటినీ మేనేజరు దగ్గరికి వదిలేవాణ్ని. ఒక్కొక్కటీ వచ్చి వాడి ముందూ వెనకా వాసన చూసి, గుర్రుమనాలనుకున్నది గుర్రుమని, చివరికి సరేనన్నట్టు పక్కకు తప్పుకునేది. దీన్ని ఒప్పుదల అనేవాళ్లం. ఒప్పుదల కానిదే నేను అడుగు కదిపేవాణ్ని కాదు. అది అయ్యాక ఎంత పొగరుబోతు కుక్కయినా మేనేజరు వెనక, ఆఫీసరు వెనక గుమాస్తాలా నడిచేది.

కంచె పక్కనే మా అక్క మొగుడు కుక్కలకు స్నానాలు చేయించే పాక నడిపేవాడు. బుగ్గ నుంచి గొట్టం వేసి తొట్టెల్లోకి నీళ్లు పట్టేవాడు. బావ మంచివాడే. కాకపోతే ఎదుటివాడు మొహం చిట్లిస్తే చాలు, నీరుకారిపోయే రకం. నడకకు జనం ఎక్కువైన రోజు పాక మూసేసి మాతో వచ్చి, చివర్లో నడుస్తూ వెనకబడ్డవాళ్లను తోలుకొచ్చేవాడు.

ఆ రోజు వచ్చినవాళ్లలో ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. చేతిలో దూడలంత గోధుమరంగు కుక్కల జత. వాటి తలలు చూస్తే ఒక్కో తలలో ఇంకో కుక్క దాక్కుందేమో అనిపించేది. చిన్న బొచ్చుకుక్కను చంకలో పెట్టుకున్న టీచరమ్మ ఒకావిడ, ఇంకొందరు ముసలీముతకా ఉన్నారు. ఒప్పుదల బాగానే జరిగింది. గోధుమరంగువి రెండూ కాసేపు బిగుసుకున్నాయి, మేనేజరు ఆవలించాడు, అవి తోక ఊపాయి.

సరిగ్గా అప్పుడు కాంట్రాక్టరు ముక్కు మూసుకున్నాడు. మేనేజరు పొద్దున్నే ఏదో చచ్చిన జంతువు మీద పొర్లి వచ్చాడు. కుక్కలకది అత్తరు, మనుషులకు కంపు. ఈ కంపు వెనక నేను కొండంతా ఎక్కాలా అని ఆయన బావను అడిగాడట. నేను సీసాల్లో నీళ్లు నింపడానికి లోపలికి వెళ్లాను. వచ్చేసరికి మేనేజరు తడిసి ఉన్నాడు. ఎండగా ఉందని కాసిని నీళ్లు చల్లానన్నాడు బావ. ఎన్ని నీళ్లు, ఏ నీళ్లు అని నేను అడగలేదు. వాడు విదిలించుకున్నాడు, బయలుదేరాం.

ఇక్కడ మా ఊరి సంగతొకటి చెప్పాలి. మా బుగ్గ నీళ్లలో గంధకం ఉంటుంది. కొత్తగా బస్సు దిగినవాడికి కుళ్లిన గుడ్ల బుట్టలో తల పెట్టినట్టుంటుంది. కానీ అక్కడే పుట్టి, అక్కడే అన్నం తిన్నవాళ్ల ముక్కుకు అది తగలనే తగలదు. మాకు గాలంటే అదే. బావ దృష్టిలో తను కుక్క మీద కంపు కడిగేశాడు, అంతే. దాని మీద కొత్త కంపు పూశానన్న ఆలోచన ఆయనకు రాలేదు, రాదు కూడా.

గట్టు దాకా గాలి మా వెనక నుంచి వీచింది. ఆ గట్టు ఒక పక్క బండ, ఒక పక్క లోయ, మధ్యలో మనిషి పట్టేంత దారి. గొలుసులు కాళ్లకు అడ్డం పడుతున్నాయని కాంట్రాక్టరు కొక్కేలు విప్పేశాడు. తగిలించమన్నాను. తన కుక్కలు తన మాట తప్ప వినవని ఆయన నవ్వాడు. అంతలో గాలి తిరిగి, ఎదురు నుంచి కొట్టింది.

ఆయన జతలో పెద్దది ఆగి ముక్కు ఎగరేసింది. తను ఒప్పుకున్న కుక్క ముందు లేదు. దాని చోట ఎవడో పరాయివాడు నడుస్తున్నాడు. నన్ను పక్కకు నెట్టేసి దూకింది.

మేనేజరు వెనక్కి తిరిగేలోపే మెడ దాని నోట్లో ఉంది. గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. రెండోది వెనక కాలు అందుకుని, గోతం లాగినట్టు అటు లాగింది. వాడు ఆ మధ్యలో మెలికలు తిరిగి, అందిన చెవిని కొరికి ఊడదీశాడు. నెత్తురు బండ మీదికి చిమ్మింది. వెనక కుక్కలన్నీ ఒక్కసారి వెర్రెత్తినట్టు అరిచాయి. కాంట్రాక్టరు అరుపులు ఏ కుక్కా వినలేదు.

నేను చేతికర్ర పెద్దదాని దవడల మధ్య దూర్చి మెలితిప్పాను. పన్ను విరిగిన చప్పుడు వినబడింది, పట్టు వదల్లేదు. బావ జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చి వట్టి చేతులు దాని నోట్లో పెట్టాడు. పట్టు ఊడింది, ఆయన కుడిచేతి చిటికెనవేలు కూడా ఊడింది. మేనేజరు ఒక్క గుంజుతో మెడ లాక్కున్నాడు. పెద్దదాని కాళ్ల కింద రాయి జారింది. అది లోయలోకి పోతూ అరవలేదు. కింద కొమ్మలు విరిగాయి, తర్వాత ఏదో మెత్తగా పడింది.

రెండోది ఇంకా కాలు నములుతూనే ఉంది. దాని మెడకు గొలుసు వేసి, నాలుక నల్లబడేదాకా బిగించాను. వదిలింది. ఈడ్చుకెళ్లి చెట్టుకు కట్టేశాను.

వెనక్కి తిరిగేసరికి కాంట్రాక్టరు నడుము నుంచి కత్తి తీసి మేనేజరు మీదికి వస్తున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. బావ కుక్క మీద బోర్లా పడ్డాడు. కత్తి ఆయన భుజం మీద గీసుకుపోయింది. రెండోసారి ఎత్తిన చేతిని నేను కర్రతో కొట్టాను. మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. కత్తీ లోయలోకి పోయింది. ఆయన అక్కడే కూలబడి, పోయిన కుక్కను పసిపిల్లను పిలిచినట్టు ముద్దుపేరుతో పిలవడం మొదలుపెట్టాడు. ఆ మనిషిని ఇంకో దెబ్బ కొట్టాలని ఉన్నా నాకు చెయ్యి రాలేదు.

అప్పుడు టీచరమ్మ మెల్లిగా అడిగింది.

"ఇందాకట్నుంచి అడుగుదామనుకుంటున్నా. ఆ కుక్క దగ్గర మీ స్నానాల గదుల వాసన వస్తోందేంటండీ?"

నేను బావ వైపు చూశాను. బావ తన చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. ఆయనకు నెత్తురు వాసన తప్ప ఏమీ తెలియలేదని మొహం చూస్తేనే అర్థమైంది.

"తొట్టెలో ముంచావా?"

"సబ్బు కూడా పెట్టాను రా," అన్నాడు.

చెంప మీద కొట్టాను. అక్క మొగుడని చూడలేదు, భుజం కారుతోందని చూడలేదు. పడ్డాడు. పళ్ల మధ్య నుంచి నెత్తురు ఉమ్మి లేచి, "తర్వాత మిగతావి కొడుదువుగానీ, ముందు వీణ్ని నా వీపుకెత్తు," అన్నాడు. మేనేజరు మెడలోంచి గాలి బుడబుడమంటోంది. పశువుల డాక్టరు కొండ కింద, బస్టాండు పక్కన ఉంటాడు. అందాకా ప్రాణం నిలుస్తుందో లేదో ఎవరికీ తెలీదు.

ఎత్తాను. నా చొక్కాతో మెడకు కట్టు కట్టాను, బావ వేలికి టీచరమ్మ చున్నీ చుట్టింది. ఇప్పుడు వీపు మీది మేనేజరుతో బావ దగ్గరా అదే పరాయి వాసన. దిగుతున్నంతసేపూ పసుపు పంజాల దారంతా కుక్కలు ఆయన మీదికి ఎగబడ్డాయి. ఒకటి పిక్క పట్టుకుంది, టీచరమ్మ బొచ్చుకుక్క సైతం చంకలోంచి దూకి మడమ కొరికింది. బావ ఆగలేదు, పరుగెత్తలేదు. పరుగెత్తితే మేనేజరు మెడ కదులుతుందట. నేను వెనక్కి వెనక్కి నడుస్తూ కర్రతో కుక్కల్ని కొట్టుకుంటూ వచ్చాను. పడిన నెత్తురులో ఏది మనిషిది, ఏది కుక్కది అంటే ఇప్పటికీ చెప్పలేను.

డాక్టరు బల్ల మీద పడుకోబెట్టాక మత్తు సూది వేశాడు. మత్తు ఎక్కేలోపే కుట్లు మొదలుపెట్టకపోతే ఊపిరి ఆగుతుందన్నాడు. నేను కాళ్లు పట్టుకున్నాను, బావ ఎడమచేత్తో తల పట్టుకున్నాడు. మొదటి కుట్టుకే మేనేజరు కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్న చేతిని అందుకుని, పళ్లు ఎముక దాకా దించాడు. డాక్టరు సూది ఆపి, చెయ్యి తియ్యమన్నాడు.

"కుట్టండి మీరు," అన్నాడు బావ. "కొరకనివ్వండి."

వాడు కొరుకుతూనే ఉన్నాడు. బావ పెదాలు తెల్లబడ్డాయి, చెయ్యి మాత్రం వెనక్కి తియ్యలేదు, అరవలేదు. కుట్టు మీద కుట్టు పడింది. మెడలో బుడబుడ తగ్గింది. కాసేపటికి మత్తెక్కి దవడలు వదులయ్యాయి, ఊపిరి సాఫీగా ఆడసాగింది. అప్పటికీ బావ చెయ్యి వాడి నోట్లోనే ఉంది. తీస్తే లేస్తాడేమోనట.

మా అక్క తలుపు తోసుకుని వచ్చి, మా ఇద్దరినీ, బల్లనీ చూసింది. ఎవడికి ముందు కట్టు కట్టించాలని డాక్టరును అడిగింది.

నేను బావను చూపించాను.