అర శ్రుతి దించిన మాస్టారు

జానీ బాషా మాస్టారు లెగ్ హార్మోనియం ముందు కూర్చుని వకుళను రమ్మని చెయ్యి ఊపుతున్నారు, తెర ఇంకా లేవలేదు, తెర వెనక మేకప్ గది ఉండాల్సిన చోట ఆమె ఆఫీసు కుర్చీలు వరసగా ఉన్నాయి, వాటిలో రాజు వేషాలవాళ్ళూ మంత్రి వేషాలవాళ్ళూ కిరీటాల మీదే హెడ్‌సెట్లు తగిలించుకుని బీమా క్లెయిముల గురించి ఎవరెవరికో సర్ది చెబుతున్నారు. చూడ్డానికి మాస్టారు వాయించే తెనాలి స్టేజీలాగే ఉంది గానీ తెనాలి కాదు. తనకు హార్మోనియం నేర్పిన మాస్టారు పోయి రెండేళ్ళయిన సంగతి వకుళకు కలలో కూడా బాగానే గుర్తుంది, పోయినవాళ్ళు పిలిస్తే వెళ్ళకూడదని అత్తగారు చెప్పిన మాటా గుర్తుంది. అందుకని రెండడుగుల దూరంలోనే ఆగి ఆయన్ని ఎగాదిగా చూస్తుంది. ఆ తెల్ల చొక్కా, జేబులో ఇంకు కారే పెన్ను, కిళ్ళీకి ఎర్రబడ్డ పళ్ళు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరీ అంత సరిగ్గా ఉండడమే ఆమెకు నచ్చదు.

"రా అమ్మాయ్, కూర్చో. ఆ ఉద్యోగం మానేసి వచ్చెయ్," అంటారు మాస్టారు.

అక్కడే వకుళ అనుమానం ముదురుతుంది. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో స్టాంపులు కొట్టి, సెలవులు దాచుకుని మరీ నాటకాలకు వాయించిన మనిషి, నెల జీతం ఇంట్లో ఇచ్చాకే హార్మోనియం పెట్టె ముట్టుకోవాలని శిష్యుల చెవులు మెలేసిన మనిషి, ఈ మాట అనడమేమిటి? ఇంటి అప్పు వాయిదాలు ఆమె జీతంలోంచే పోతాయని, ప్రింటింగ్ ప్రెస్సు మూతపడ్డాక ఆమె భర్త మురహరి ఇంటిపట్టునే ఉంటున్నాడని, కూతురు హిమజ చదువు ఇంకా రెండేళ్ళుందని ఈయనకు తెలియదా? ఆ ఉద్యోగం తనను పీల్చి పిప్పి చేస్తున్న మాట నిజమే. ఫోను మోగకపోయినా మోగినట్టు వినిపిస్తోంది. రాజీనామా ఉత్తరం రాసి పెట్టుకుని పది రోజులైంది, రేపు సోమవారం పంపేస్తే నాటక సమాజంవాళ్ళు అడుగుతున్నట్టు మాస్టారి కుర్చీలో కూర్చోవచ్చు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తను వినాలనుకున్న మాటే పోయిన మనిషి నోటివెంట వస్తుంటే నమ్మెయ్యడానికి ఆమె ఏమైనా వెర్రిదా?

"మీరు మాస్టారు కాదు," అంటుంది వకుళ.

"మరెవర్ని?"

"నేనే అయ్యుంటాను. నాక్కావాల్సింది మీ చేత చెప్పించుకుంటున్నాను."

మాస్టారు పగలబడి నవ్వుతారు. "క్లెయిములు చూసి చూసి మనుషుల మీద కూడా ఎంక్వైరీలు వేస్తున్నావే!"

"అయితే చెప్పండి. మీ ఆఖరి నాటకానికి పక్కన కూర్చోడానికి రమ్మన్నారు. ఆడిట్ ఉందని నేను రాలేదు. పంతొమ్మిది రోజులకి మీరు పోయారు. ఒక్క మాటైనా అనరేం?" ఏడుపొచ్చేస్తుంది, ఆ ఏడుపులోనూ ఓరకంట ఆయన ముఖాన్ని కనిపెడుతూనే ఉంటుంది.

"అనేదేముంది అమ్మాయ్? ఆడిట్ అని నేను మా అక్క పెళ్ళికే లేటుగా పోయా."

ఇప్పుడు స్టేజీ కదులుతోంది, పక్కనుంచి మైలురాళ్ళు వెనక్కి పోతున్నాయి, ఇది విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే బస్సని ఇద్దరికీ ముందే తెలిసినట్టు ఎవరూ ఆశ్చర్యపోరు. వకుళ ఇంకో పరీక్ష పెడుతుంది. కోటిలింగంగారని రాజు వేషాలకు పెట్టింది పేరు, డెబ్భై దాటినా అయిదు శ్రుతికి తగ్గి పాడేది లేదని మీసం మెలేసేవారు. "ఆయనది ఎంత శ్రుతి?" అని అడుగుతుంది.

"నాలుగున్నర."

"తప్పు. అయిదు. నాటకం ముందు 'అయిదే పెట్టానండీ' అని మీరే ఆయనకి చెప్పేవారు. పక్కనుండి విన్నాను."

"చెప్పింది అయిదు. వాయించింది నాలుగున్నర." మాస్టారు గొంతు తగ్గిస్తారు. "ఆయనకి అరవై అయిదో ఏట గొంతు జీరబోయింది. దించుకోండీ అంటే చిన్నతనంగా ఉండి నాటకాలే మానేసేవాడు. నేనే చెప్పకుండా అర శ్రుతి దించా. ఇంకో ఏడేళ్ళు పాడాడు, జనం వన్స్‌మోర్ కొట్టారు. ఆయనకి ఇప్పటికీ తెలీదు."

అప్పట్లో వకుళ చెవికి ఏదో తేడాగా తగిలేది, పెట్టె పాతదైపోయిందనుకునేది. "అంటే మోసం చేశారు," అంటుంది.

"చేశా," అంటారాయన, సిగ్గేమీ లేకుండా. "సరే, నువ్వెంతలో పాడుతున్నావు?"

"అయిదులోనే. ఇల్లంతా నా మీదే కదా నడిచేది."

"అని ఎవరు చెప్పారు?"

ఎవరు చెప్పాలి, నాకు తెలియదా అనబోతుంది, తెర లేస్తుంది, ఎదురుగా జనం నోళ్ళు తెరిచి వన్స్‌మోర్ అని అరుస్తున్నారు గానీ చప్పుడు రాదు, ఆమె గబగబా కూర్చుని పెడళ్ళు తొక్కుతుంది, వేళ్ళతో మెట్లు నొక్కుతుంది, ఎంత నొక్కినా చప్పుడే రాదు.

మెలకువ వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం నాలుగైంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఉండాల్సినదానికన్నా ఎక్కువ నిశ్శబ్దంగా ఉందని వకుళకు మొదటిసారి అనుమానం వచ్చింది. అడుగుల చప్పుడు కాకుండా హాల్లోకి వచ్చింది. మురహరి, హిమజ టీవీ ముందు కూర్చుని సినిమా చూస్తున్నారు. దానికి సౌండు లేదు.

"సౌండు పెట్టుకోలేదేం?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "ఊరికేనే," అన్నాడు మురహరి.

"ఎప్పట్నుంచి ఇలా?"

హిమజ తండ్రి వైపు చూసి, ఇక దాచలేక చెప్పేసింది. "నువ్వు టీమ్ లీడ్ అయినప్పట్నుంచీ అమ్మా. వారమంతా నీకు నిద్రుండదు కదా, ఆదివారమన్నా పడుకుంటావని."

మూడేళ్ళు. ఈ మూడేళ్ళూ ఆదివారాలు వీధంతా ఇంత నిశ్శబ్దంగానే ఉంటుంది కాబోలనుకుంది వకుళ. వాళ్ళిద్దరి మధ్యా కూలబడింది. "నాకు ఉద్యోగం మానెయ్యాలనుందండీ," అంది. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది.

మురహరి ఆశ్చర్యపోలేదు. "వచ్చే ఒకటో తారీఖు నుంచి బందరు రోడ్డులో ఒక ప్రెస్సుకి వెళ్తున్నా. నీ జీతంలో సగం కూడా రాదు. నువ్వు మొత్తం మానెయ్యడానికి చాలదు గానీ, ఆ టీమ్ లీడ్ పని వదిలించుకోడానికి చాలుతుంది. శని, ఆదివారాలు నీకూ నీ హార్మోనియానికీ మిగుల్తాయి."

"నాకు ఒక్క మాట చెప్పకుండానే?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

హిమజ రిమోట్ తీసుకుని టీవీకి సౌండు పెట్టింది.