తేటపడిన నీళ్లు

ఓ ఇంటి పెరట్లో మురుగునీటి ట్యాంకు మూత తెరిచి, మోకాళ్లమీద కూర్చుని, అతను ముందు వాసన చూశాడు. తడిమట్టి వాసన వచ్చింది. పంపు ఊదే గాలి మడ్డినీళ్లలోంచి బుడగలుగా పైకి తేలుతోంది. అంటే లోపలి సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి, ఇంటిల్లిపాదీ వదిలిన మురికిని తిని అరాయించుకుంటున్నాయి. గాలి ఆడినంతకాలం అవి తింటాయి. తినగా మిగిలిన మడ్డి పక్క అరలో అడుక్కు దిగుతుంది, పైనున్న నీరు క్లోరిన్ బిళ్లలమీదుగా పారి తోటకు పోతుంది. ఇంటింటా ఈ సంగతి చెప్పి చెప్పి అతని నోరు అరిగిపోయింది. ఎవరికీ గుర్తుండదు. వాళ్లకు గుర్తుండేదల్లా, అతను వచ్చినరోజు వంటింటి తలుపు వేసుకోవాలన్న సంగతే.

గాలిపంపు వడపోత దులిపి బిగించాక, డబ్బా తీసి కాసిని మడ్డినీళ్లు ముంచుకున్నాడు.

"మళ్లీ పట్టుకెళ్తున్నావా? మీ ఇంటి ట్యాంకు ఇంకా దారికి రాలేదా?" అంది ఇంటావిడ కిటికీలోంచి.

"వచ్చిందమ్మా. అలవాటు కొద్దీ ముంచాను" అని ఆ నీళ్లు తిరిగి పోసేశాడు.

తన ట్యాంకులో జీవులు నిలవక, నెలల తరబడి ఇలాగే ఊళ్లో ట్యాంకుల నీళ్లు మోసుకెళ్లి తన ట్యాంకులో పోశాడు. అతని పెరడు ముక్కు బద్దలయ్యేలా కంపు కొట్టేది. "ఊరి కంపంతా వదిలిస్తావు, నీ ఇంటిది మాత్రం మాకు వదిలేశావేం?" అనేవాడు పక్కింటి టైలరు. అతనూ నవ్వేసేవాడు. భార్యకు కణితి కరగడానికి ఎక్కించే మందు ఆమె ఒంట్లోంచి ట్యాంకులోకి చేరి, అక్కడి జీవుల్నీ చంపుతోందని అతనికి తెలుసు. పంపు పాతబడిందని ఆమెకు అబద్ధం చెప్పాడు. ఆమె సిగ్గరి, తనవల్లేనని తెలిస్తే మందే మానేస్తానంటుంది. కంపు భరించలేనంతగా ఉన్న రోజుల్లో, మందు గట్టిగానే పనిచేస్తోందని అతను లోలోపల సంతోషించేవాడు కూడా.

పోయిన నెల డాక్టరు అతన్ని పక్కకు పిలిచి, ఇక మందు వద్దని, ఇంట్లోనే ప్రశాంతంగా ఉండనివ్వమని చెప్పాడు. కోర్సు పూర్తయిందని అతను ఆమెతో అన్నాడు. ఆనాటినుంచీ ట్యాంకు రోజురోజుకూ బాగుపడుతోంది. టైలరు మెచ్చుకున్నప్పుడల్లా అతని ప్రాణం చివుక్కుమనేది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి భార్య దుప్పటి కప్పుకుని పెరట్లో కుర్చీలో ఉంది.

"పొద్దుట్నుంచీ ఒకటే గొడవ బావా, బయట కూర్చుంటానని" అంది సాయానికొచ్చిన మరదలు.

"వాసన పోయిందండీ" అంది ఆమె. "నేనూ కోలుకుంటున్నట్టే ఉంది."

అతను ఆమె దుప్పటి భుజందాకా లాగాడు. "పంపు మార్చాను కదా" అన్నాడు.

"ఇన్నేళ్ల కాపురంలో మీరు చేసే పనేంటో ఒక్కసారీ చూడలేదు. చూపించండి."

గాజుసీసాలో గోధుమరంగు నీళ్లు ముంచి, మూత బిగించి, పైన తుడిచి, ఆమె ముందు స్టూలుమీద పెట్టాడు.

"కదపకుండా చూస్తూ ఉండు. మురికిని తినే సూక్ష్మజీవులన్నీ ఈ మడ్డిలోనే ఉంటాయి, అది అడుక్కు దిగిపోతుంది."

"వీటికి ప్రాణం ఉందా?"

"ఉంది."

"పాపం, మన మురికి తిని బతుకుతున్నాయి" అని నవ్వింది. "వెళ్లి చేతులు కడుక్కురండి. దిగాక పిలుస్తాను."

మోచేతులదాకా సబ్బు రాసి కడుక్కున్నాడు. ఆమె పిలవలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి చూశాడు. తల పక్కకు వాలి ఉంది. ముక్కు దగ్గర వేళ్లు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు.

మరదల్ని వెంటనే పిలవలేకపోయాడు. భార్య పాదాల పక్కన నేలమీద కూలబడ్డాడు. మళ్లీ కంపు కొట్టినా బాగుండును, వీధి వీధంతా తిట్టిపోసినా బాగుండును అనిపించి, ఏడుపు ఆగలేదు.

స్టూలుమీద సీసాలో మడ్డి అంతా అడుక్కు దిగింది. పైన తేటగా నిలిచిన నీళ్లలోంచి అవతలి గోడ కనిపిస్తోంది.