మోదుగ చుట్టూ గట్టు

పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్లు పైకి చిమ్మేలా చేసి, కోటయ్య మోదుగచెట్టు కొమ్మల మీది దుమ్ము కడుగుతున్నాడు. పొద్దున్నే అతను చేసే మొదటి పని అది. లుంగీ మీద కంపెనీ ఇచ్చిన ఆరెంజి జాకెట్టు, తలకు తువ్వాలు, తువ్వాలు మీద హెల్మెట్. సన్నటి మనిషి. పిక్కల మీద నరాలు ఉబ్బి ఉంటాయి. వినుకొండ దగ్గరి పల్లె నుంచి మట్టిపనికి వచ్చి, ఢిల్లీ చుట్టుపక్కల ఎన్ని అపార్ట్‌మెంట్లకు పునాదులు తవ్వాడో అతనికే గుర్తులేదు. మోకాళ్లు అరిగాక, ఫరీదాబాద్ శివార్లలోని ఈ సైటులో చెట్ల కాపలా పని ఇచ్చారు.

చెట్లకు కాపలా ఏమిటని నవ్వొచ్చు గానీ, ఇళ్లు కట్టడానికి అనుమతి ఇచ్చినప్పుడే సర్కారు ఆఫీసువాళ్లు బిల్డరుకు షరతు పెట్టారు. లేఅవుట్‌లోని పాత చెట్లు, వానాకాలంలో పారే వాగు, దాని పక్కనున్న రాతిగుట్ట ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. చెట్ల చుట్టూ రేకుల కంచె కట్టాలి. కంచె లోపల ఇసుక పోయకూడదు, సిమెంటు కలపకూడదు, వేళ్ల మీద నేలను మూయకూడదు. గేటు దగ్గర బోర్డు మీద ఇదంతా హిందీలో రాసి ఉంది. చెట్టు చచ్చిపోతే ఇళ్లు అప్పగించడానికి అనుమతి రాదు.

తక్కిన చెట్లు బాగానే ఉన్నాయి. చిక్కంతా ఈ మోదుగతోనే. టిప్పర్లు మలుపు తిరిగేది దాని పక్కనే. ఎన్నిసార్లు నిలబెట్టినా డ్రైవర్లు రేకుల్ని గుద్ది పడగొట్టేవాళ్లు. కోటయ్య అరిచాడు, బతిమాలాడు. "అచ్ఛా చాచా" అని వెళ్లిపోయి, మర్నాడు మళ్లీ గుద్దేవాళ్లు. కోటయ్యను వాళ్లమ్మ మోదుగాకుల విస్తళ్లు కుట్టి పెంచింది. ఒళ్లు మండి, నిరుడు ఎండాకాలంలో ఒకరోజు చెట్టు మొదలుకు ఇంత పసుపు పూసి, బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టేశాడు. ఆనాటి నుంచి టిప్పర్లు హారన్ కూడా కొట్టకుండా, వినయంగా పక్కకు తప్పుకొని పోసాగాయి. బోర్డు వల్ల కానిది చిటికెడు పసుపుతో అయిందని కోటయ్య మీసం మెలేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. కూలి ఆడవాళ్లు అగరుబత్తీలు తెచ్చారు, గాజులు కట్టారు, మోదుగను వాళ్ల భాషలో ధాక్ అంటారు కాబట్టి ధాక్‌మాత అని పేరు పెట్టారు. వానలు వెలిశాక తాపీవాళ్లు మిగిలిన సిమెంటు తలా ఇంత తెచ్చి మొదలు చుట్టూ గట్టు కట్టారు. కోటయ్య అడ్డుపడలేదు సరికదా, తనే ఇటుకలు అందించాడు. గట్టుంటే టిప్పర్లు ఇంకా ఎడంగా పోతాయనుకున్నాడు. రోజూ కంచె నిలబెట్టే మనిషికి, గట్టు కట్టడమంటే నేలను మూయడమేనని తట్టలేదు. ఈ ఫాల్గుణంలో తూర్పు కొమ్మలు ఎర్రగా పూశాయి. పడమటి కొమ్మ మొగ్గైనా తొడగలేదు. గోటితో గీరి చూస్తే బెరడు కింద పచ్చదనం లేదు. అప్పటి నుంచి కోటయ్యకు అన్నం సయించడం లేదు.

పైపు చుట్టి పెడుతుండగా తనిఖీ ఆఫీసరు వచ్చాడు. చెట్టు దగ్గర బూట్లు విప్పాడు. గట్టుకు నుదురు ఆనించి దండం పెట్టుకున్నాడు. తర్వాత బూట్లు తొడుక్కుంటూ, రేపటికల్లా ఆ గట్టు తీసేయాలని చెప్పి వెళ్లాడు. ఆయన భక్తి ఆయనదే, రూలు రూలే.

సైటు ఇంజనీరు సాయిప్రకాష్, కాకినాడ కుర్రాడు, తాపీవాళ్లను పిలిచాడు. వాళ్లు తలలు వంచుకున్నారు. జేసీబీ డ్రైవరు తాళం జేబులో వేసుకొని టీకి వెళ్లిపోయాడు.

"మీరో దెబ్బ ఎయ్యండి సారూ, మిగతాది నే జూసుకుంటా" అన్నాడు కోటయ్య.

"నన్నొదిలేయండి పెద్దాయనా. మా ఆవిడికి నెలలు నిండేయి. ఇలాంటప్పుడు కొబ్బరికాయే కొట్టకూడదంటారు. ఇది కొడతానా చెప్పండి?"

కోటయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తనే పుట్టించిన దేవత, తనే అందించిన ఇటుకలు. గునపం భుజాన వేసుకొని బయల్దేరాడు గానీ, కాళ్లు ఫూల్‌వతి దగ్గర ఆగిపోయాయి. ఇసుక జల్లించే మనిషి ఆమె. బిడ్డకు జ్వరం ఎంతకీ తగ్గక, చెట్టుకు గాజులు కట్టి మొక్కుకుంది. జ్వరం తగ్గింది. ఆ రోజు నుంచి గట్టు ఊడ్చేది ఆమే. మిగతా అందరి సంగతీ ఎలా ఉన్నా, ఆమెకు చెప్పకుండా చేయడం దొంగతనంలా అనిపించింది.

"బేటీ, ఆ పసుపు పూసింది నేనే. లారీలు గుద్దకుండా పూశాను. అక్కడ మాతా లేదు, గీతా లేదు" అన్నాడు వచ్చీరాని హిందీలో.

ఫూల్‌వతి జల్లెడ ఆపలేదు. "తెలుసు బాబా. నువ్వు పూస్తుంటే చూశాను. పూసింది నువ్వే, వచ్చింది మాత."

"మరి గట్టు పగలగొడితే?"

"అడిగి తియ్యి. ఊరికే తియ్యకు."

అందరూ చూస్తుండగా కోటయ్య హెల్మెట్ తీసి చెట్టు ముందు నిలబడ్డాడు. వాళ్ల తృప్తి కోసం రెండు మాటలు అనేసి పని మొదలుపెడదామనుకున్నాడు. తెలుగులోనే అన్నాడు.

"తల్లీ, గట్టు తీసేస్తన్నా. ఏమనుకోబాక. నీకు ఊపిరాడకుండా చేసింది నేనే. నాకు తట్టలేదమ్మా..."

చెయ్యి చాచి బెరడు నిమిరాడు. నిజంగానే అడుగుతున్నానని అప్పుడు తెలిసింది అతనికి. ఎంత సిగ్గేసిందో, గుండె అంత తేలికపడింది.

పొద్దు వాలేదాకా పగలగొట్టాడు. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ అడ్డుపడలేదు. ఫూల్‌వతి మాత్రం చెట్టుకు కట్టిన పచ్చగాజులు విప్పి కొంగులో దాచుకుంది. సిమెంటు కింద మన్ను బూడిదలా పొడిగా ఉంది. ఇటుకలకు ఒరుసుకొని ఓ తెల్లటి వేరు వంకర తిరిగి ఉంది. అక్కడ గునపం పక్కన పెట్టి చేతులతో తవ్వాడు. నీళ్లు వదిలితే నేల గటగటా తాగింది.

చీకటి పడబోతుంటే సాయిప్రకాష్ వచ్చాడు.

"ఘాజియాబాద్ సైటులో మనిషి కావాలంటున్నారు. ఇప్పుడే వెళ్లిపోండి పెద్దాయనా. రేపు ఇక్కడ ఏ పిల్లాడికి ఒళ్లు వెచ్చబడినా మీ మీదకే వస్తారు. నేను ఆపలేను."

కోటయ్య గునపం తీసి తడిమన్నులో దిగేశాడు. "ఆ పడమటి కొమ్మ చిగురేస్తే ఒక్క ఫోను చెయ్యండి సారూ" అన్నాడు.

"తప్పకుండా."

ఉన్నదల్లా ఒక సంచీ. అది పట్టుకొని, ఖాళీగా పోతున్న సిమెంటు లారీ ఎక్కాడు. చెట్టు దగ్గర డ్రైవరు అలవాటుగా పక్కకు తిప్పాడు. కోటయ్య తల బయటపెట్టి, కనిపించినంత మేరా ఆ కొమ్మవైపే చూశాడు.

తొందరలో గునపం మరిచిపోయాడు. మర్నాడు గుంతలు తవ్వేవాళ్లు దానికోసం వచ్చి, రెండడుగుల దూరంలో ఆగిపోయారు. తెల్లారేలోపు ఎవరో దానికి నిలువునా పసుపు పూసి, బొట్లు పెట్టి, పైన ఒక పచ్చగాజు తొడిగారు. ఇక దాన్ని పీకే ధైర్యం ఎవరికుంటుంది! మలుపులో టిప్పర్లు దాన్ని చూసి ఎడంగా పోతున్నాయి. తడిమన్నులో కోటయ్య దిగేసిన చోటే, గునపం నిటారుగా నిలబడి ఉంది.