ఎఖ్లాస్ వాటా

ఆవు బతికి వచ్చింది. ఎఖ్లాస్ రాలేదు.

బక్రీద్ దగ్గర పడగానే ఏటా లాగే స్నేహితులు ఏడుగురూ కలిసి ఒక ఆవును కొన్నారు. మనిషికో వాటా. మేఘ్నా నది అవతలి ఒడ్డు సంతలో పళ్లు పట్టి చూసి, గంగడోలు నిమిరి, బేరం తెంచింది ఎఖ్లాసే. చేసేది తమలపాకుల వ్యాపారమైనా అతనికి పశువులంటే పిచ్చి. వెంట ఏడుగురిలో మరొకడు, ఖబీర్ వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో నది నడుమ గాలివాన అందుకుంది. పడవ ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేవలేదు. ఖబీర్ ఖాళీ డ్రమ్మును కావలించుకుని తేలాడు. పడవవాణ్ణి జాలరులు జుట్టు పట్టి లాగారు. ఎఖ్లాస్ కోసం వలలు వేసి వెతికారు. దొరకలేదు.

మర్నాడు దిగువన ఇసుకలంక మీద ఎర్రావు గడ్డి మేస్తూ కనిపించింది. మెడలో జానెడు తాడే మిగిలింది. దాని కొస తెగినట్టు లేదు, కోసినట్టు నున్నగా ఉంది. తమలపాకుల కట్టలు కోసే చిన్న కత్తి ఎఖ్లాస్ మొలలో ఎప్పుడూ ఉండేది.

ఆవును ఖబీర్ ఇంటి వెనక, అతను పడవ ఇంజన్లు బాగుచేసే పాకలో కట్టేశారు. పగలంతా అది మామూలుగానే ఉండేది. పొద్దు వాలేసరికి మాత్రం నెమరు ఆపేసి, నది వైపు తిరిగి, చెవులు నిక్కించి నిలబడేది. ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు. దాన్ని చూసి ఖబీర్ కూడా చేతిలో పానా అలాగే పట్టుకుని తలెత్తేవాడు. ఒకరోజు తనకు తెలియకుండానే గట్టిగా, "ఆఁ, వస్తున్నా ఉండు!" అనేశాడు.

"ఎవరితో?" అని లోపలి నుంచి భార్య అడిగింది.

"ఎవరూ లేరు" అన్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పండగ ఇంకా మూడు రోజులుందనగా తొరాబ్ వచ్చాడు. ఏడుగురిలో అతనిదే పెద్దగొంతు, బజారులో బట్టల కొట్టు.

"మౌల్వీ సాబ్‌ని అడిగానురా. వాటాదారుడు పోతే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలట. ఒప్పుకోకపోతే వాడొక్కడిదే కాదు, మనందరి ఖుర్బానీ చెల్లదట."

"అయితే?"

"అయితే ఏంటి, మర్జినా వదినని అడగాలి. పిల్ల చిన్నది, చెప్పాల్సింది ఆవిడే. నువ్వెళ్లు."

"నేనా? ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఆఖరున వాడితో ఉన్నది నువ్వే కదరా" అని, ఆ మాట ఎలా తగిలిందో తొరాబ్‌కే తెలిసి తల దించుకున్నాడు.

ఖబీర్ వెళ్లేసరికి ఎఖ్లాస్ భార్య మర్జినా చేటలో బియ్యం చెరుగుతోంది. ముక్కుపుడక తీయలేదు. భర్త పోయాక ఉంచుకోకూడదని వాడవాళ్లంతా చెప్పి చూశారు, వినలేదు. ఖబీర్ తడబడుతూ వచ్చిన సంగతి చెప్పాడు. ఆమె చేట ఆపలేదు.

"అంటే, పోయిన మనిషి వాటాకు నా అనుమతి కావాలి. అంతేనా?"

"అంతే వదినా."

"పోయాడని ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదు. వాటా ఆయనది. వచ్చాక ఆయన్నే అడుగు."

ఖబీర్ లేచి వచ్చేశాడు.

మరుసటి రోజు సాయంత్రం మర్జినాయే పాకకు వచ్చింది. ఆవు అప్పటికే నది వైపు తిరిగి ఉంది. ఆమె దాని మెడ మీద చెయ్యి వేసి, మిగిలిన తాడు కొసను వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడింది.

"నీళ్లలో పడ్డాక కూడా దీని తాడు కోశాడు. తన సంగతి చూసుకోవడం ఆ మనిషికి ఎప్పుడు తెలిసింది గనక!" అంది. కోపమో మురిపెమో ఖబీర్‌కు అంతుపట్టలేదు. కాసేపటికి ఆవు చూసిన వైపే చూస్తూ అడిగింది. "ఖబీర్ భాయ్, నీకూ వినిపిస్తోందా?"

ఖబీర్ అబద్ధం చెప్పాలనుకున్నాడు. "మాటలు తెలియడం లేదు వదినా. గొంతు మాత్రం వాడిదే."

ఆమె తలాడించింది. "మౌల్వీ సాబ్‌కి చెప్పు. మా ఆయన ఊళ్లో లేరు, ఆయన తరఫున ఒప్పుకున్నది ఇంటావిడ. కోసేటప్పుడు ఆయన పేరు కూడా చదవమను. పోయినవాళ్ల పేరు ముందు చేర్చే మాట మాత్రం చేర్చొద్దను."

ముసలి మౌల్వీ విని గడ్డం నిమురుకున్నాడు. "అల్లాకు పేరు చాలు నాయనా. మనిషి ఎక్కడున్నాడో ఆయనకి మనం చెప్పాలా?"

పండగ నమాజు అయ్యాక ఆవును పడుకోబెట్టారు. అది పెనుగులాడలేదు. మౌల్వీ ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ చదివాడు. చివర్న ఎఖ్లాస్ పేరు పలికాడో లేదో, కాళ్లు కట్టి నేల మీద ఉన్న ఆవు తల ఎత్తి నది వైపు చూసింది. పట్టుకున్నవాళ్లంతా అటే తిరిగారు. రేవు ఖాళీగా ఉంది. ఎండలో నీళ్లు మెరుస్తున్నాయి. మౌల్వీ బిస్మిల్లా అని కత్తి ఆనించాడు.

మాంసం ఏడు వాటాలు వేశారు. ఎఖ్లాస్ వాటా ఖబీరే మోసుకెళ్లాడు. మర్జినా అందులో బీదలకూ, చుట్టాలకూ తీసిపెట్టి, మిగిలింది పొయ్యి మీద పెట్టింది. ఖబీర్‌ను వెళ్లనివ్వలేదు. కూర ఉడికాక చాప పరిచి, బియ్యప్పిండి రొట్టెలు వడ్డించింది. అతనికొక పళ్లెం, పిల్లకొకటి. మూడో పళ్లెంలో కూర నిండా వేసి, మూత పెట్టి పక్కన ఉంచింది.

"తిను భాయ్. ఆయనకి ఆలస్యమవుతుంది."

పిల్ల ఆ పళ్లెం వంక చూడలేదు, మూత పెట్టిన పళ్లెం రోజూ ఉన్నట్టే తింటోంది. ఖబీర్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కూర బాగుంది. కారం సమంగా పడింది. ఆ రుచి తెలుస్తున్నందుకు సిగ్గేసి, కళ్లు దించుకుని, వడ్డించినదంతా తిన్నాడు.

బయలుదేరేటప్పటికి మసక చీకటి పడుతోంది. గుమ్మం దాటి, అలవాటు కొద్దీ తలుపు దగ్గరికి లాగబోయాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలుపును తెరిచే వదిలేసి, రేవు వైపు చూడకుండా ఇంటికి నడిచాడు.