పడిపోయిందన్న కబురు

మా అమ్మాయి ఆ సాయంత్రం ఇంట్లో మిషను ముందు కూర్చుని దారం కొసను మూడుసార్లు నోట్లో తడిపింది. మూడుసార్లూ అది సూది పక్కనుంచి పోయింది. చివరికి కుర్చీ వెనక్కి జరిపి, "అమ్మా, ఒకసారి ఇటు రా. ఇది ఎక్కించి పెట్టు" అంది.

దానికి ముప్పై మూడేళ్లు, నాకు యాభై ఎనిమిది. కళ్లజోడు పెట్టుకుని ఎక్కించి ఇచ్చాను. వాళ్ల నాన్నకు కూడా మొదట ఇలాగే వచ్చింది. అద్దాలు మార్చారు, మళ్లీ మార్చారు, ఆ తర్వాత పేపరు చదవడం మానేశారు. ఆఖరి రెండేళ్లూ నా అడుగుల చప్పుడును బట్టి నన్ను పోల్చుకునేవారు. ఆయనది షుగర్.

"నిద్ర చాలక అలా ఉంది, నువ్వు అప్పుడే మొదలుపెట్టకు" అంది అమ్మాయి. నేను మొదలుపెట్టేశాను. మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్లాను.

అనుకున్నంతా అయింది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో తొమ్మిది దాటింది. ఆరున్నరకు చేరితేనే షుగర్ కింద లెక్కట. కంటి పరీక్ష కూడా చేయించారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే చిన్నది. కాగితాలు చూసి నెమ్మదిగా చెప్పింది. "కంటి వెనక పొర బాగానే ఉంది. ఇప్పుడు కనిపించే మసక రక్తంలో చక్కెర ఎక్కువై కంట్లో కటకం ఉబ్బడం వల్ల. చక్కెర దిగితే ఆ మసకా పోతుంది. ఏళ్ల తరబడి ఇలాగే వదిలేస్తే మాత్రం వెనక పొర పాడవుతుంది."

ఆమె చెప్పిన నాలుగు ముక్కల్లో చివరిది ఒక్కటే నా చెవిన పడింది.

అమ్మాయి భయం వేరు. అది యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కాలర్లు కుడుతుంది. అక్కడ కాలరు సీటంటే చిన్న సంగతి కాదు. జేబు కాస్త పక్కకు పోయినా ఎవరికీ పట్టదు. కాలరు వెంట్రుకవాసి తేడా వస్తే చొక్కా మొత్తం ఒరిగినట్టు ఉంటుంది. పదకొండేళ్లు చేతులు, గుండీల పట్టీలు కుట్టుకుంటూ వచ్చి ఆ సీటు ఎక్కింది. ఆ నెలలో దాని కాలర్లు వంకరపోవడం మొదలైంది. ఆ పనంతా చూసుకునే కత్తెర మాస్టారు దాన్ని పిలిచి, "మూడు నెలలు జేబులు కుట్టమ్మా. ఈలోగా కళ్లు కుదురుకుంటే నీ సీటు నీదే. అంతకు మించి ఆపడం నా చేతుల్లో లేదు" అన్నారు. డాక్టరమ్మ కూడా మూడు నెలలకే మళ్లీ పరీక్షకు రమ్మంది, అప్పటికి అంకె ఏడు లోపుకు దిగాలంది. రెండు గడువులూ ఒకటే అయ్యాయి.

మాత్ర రాసి, తిండి సంగతి చెప్పి, "వ్యాయామం ఏం చేస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మిషను కుట్టేదాన్నండీ. పొద్దంతా కాలు ఆడుతూనే ఉంటుంది" అంది అమ్మాయి.

"కాలితో తొక్కే మిషనా, మోటారుదా?"

"మోటారుదే."

"అయితే వ్యాయామం మోటారు చేస్తోంది."

అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. జబ్బుమనిషిని పట్టుకుని నడవమంటుందేమిటి అనుకున్నాను. నా మొహం చూసి కాబోలు, ఆమె నావైపు తిరిగి చెప్పింది. "మన కండ ఒక ఇల్లనుకోండమ్మా. తిన్న తిండిలోని చక్కెర రక్తంలో, అంటే వీధిలో నిలబడి ఉంది. ఇన్సులిన్ వచ్చి వీధి తలుపు తీస్తేనే లోపలికి పోతుంది. మీ అమ్మాయికి ఆ గడియ బిగుసుకుపోయింది. కానీ కండ కదులుతున్నంతసేపూ పెరటి తలుపు ఒకటి తెరుచుకుంటుంది. దానికి ఇన్సులిన్‌తో పనిలేదు. రోజూ కదిలితే వీధి తలుపు గడియ కూడా వదులవుతుంది."

"ఒకసారి వదులైతే అలాగే ఉంటుందా?"

"ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. అందుకే వరసగా రెండు రోజులు మానకూడదు. తిన్నాక పావుగంట నడక. అరగంటకోసారి కుర్చీలోంచి లేవడం. వారంలో రెండు మూడుసార్లు కాస్త బరువులు ఎత్తడం, మెట్లెక్కడం. ఒంట్లో ఎంత కండ ఉంటే చక్కెరకు అంత చోటు."

అమ్మాయి బుద్ధిగా తలూపింది. అది తలూపితే చేస్తుంది. అదే నా భయం.

నాలుగో రోజున తెలిసింది అది చేస్తున్న పని. వర్క్‌షాపులో కత్తిరింపు కింద, కుట్టు రెండో అంతస్తులో. కత్తిరించిన గుడ్డను కట్టలు కట్టి, తాడు కప్పీతో పైకి లాగుతారు. మా అమ్మాయి తన వరసకు కావలసిన కట్టలు తనే కిందికి దిగి, భుజాన వేసుకుని మెట్ల మీదుగా తెచ్చుకుంటానని మాస్టారిని అడిగిందట. ఆయన సరేనన్నారట. రోజుకు పన్నెండు సార్లు మెట్లు. భుజాన బరువు. కళ్లు మసక. మెట్టు కనబడక దొర్లుకుంటూ కిందికి వచ్చినట్టు నాకు పట్టపగలే కనిపించింది.

దానికి చెప్పకుండా మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"బాబూ, అది జబ్బుమనిషి. దాన్ని మోయించకండి. కూర్చున్న చోటికే పంపించండి. మీకు పుణ్యముంటుంది. నేను వచ్చానని మాత్రం చెప్పకండి" అని చేతులు పట్టుకున్నాను. ఆయనకు జాలేసింది. సరేనన్నారు.

రెండు వారాలు నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ రెండు వారాలూ అమ్మాయి మొహంలో కళ లేదు. ఒకరోజు పొద్దున్నే వేలికొస గుచ్చుకుని ఇంట్లో ఉన్న మీటరులో చూసుకుంది. అంతకుముందు కాస్త దిగిన అంకె మళ్లీ పైకి పోయింది.

"మాస్టారు నన్ను మెట్ల దగ్గరికి రానివ్వట్లేదమ్మా" అంది. "కట్టలు నా దగ్గరికే వస్తున్నాయి. నీళ్లసీసా కూడా ఎవరో తెచ్చి పెడుతున్నారు. నేను ఎందుకూ పనికిరానని తేల్చేసుకున్నట్టున్నారు. సీటు కూడా ఇక ఇవ్వరు."

నేను తట్టుకోలేకపోయాను. చెప్పేశాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మీటరును డబ్బాలో పెట్టి, "నాన్నకి కూడా మంచినీళ్లు చేతికే తెచ్చి ఇచ్చేదానివి కదమ్మా" అంది.

అంతే అంది. ఎనిమిదేళ్లు ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. వీధి చివరి దాకా వెళ్లొస్తానంటే చెప్పులు దాచేదాన్ని. ప్రేమనే అనుకున్నాను. ఆ తర్వాత డాక్టరమ్మను అడిగాను, నా వల్లే పోయారా అని. "అప్పట్లో చాలామంది అలాగే అనుకునేవారు. ఆయన జబ్బు అప్పటికే ముదిరింది. ఆ లెక్క మీ మీద వేసుకోకండి" అంది. ఆ పిల్ల నోటి చలవ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

మళ్లీ మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఈసారి అమ్మాయిని వెంటబెట్టుకుని.

"తప్పు నాది బాబూ. కట్టలు దాన్నే మోసుకోనివ్వండి" అన్నాను.

ఆయన కత్తెర బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "మొన్న మోయించవద్దన్నారు. ఇవాళ మోయించమంటున్నారు. రేపు నన్ను కూడా కట్ట కట్టి మీ అమ్మాయికే ఇమ్మంటారేమో."

"మిమ్మల్ని మోయాలంటే ఇంకో ఆరు నెలలు తయారవ్వాలి మాస్టారూ" అంది అమ్మాయి, ఆయన పొట్ట వంక చూస్తూ.

ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వుకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను. ఇంకొకరైతే తల్లీకూతుళ్ల గొడవ నాకెందుకని ముఖం తిప్పుకునేవారు. ఆయన కట్టలు ఇవ్వడమే కాదు, దాని దారం రీళ్ల పెట్టెను గది అవతలి గోడ దగ్గరికి మార్పించారు. రీలు అయిపోయినప్పుడల్లా లేచి వెళ్లాల్సిందే. పక్క మిషన్ల వాళ్లు నవ్వితే, "మీ పెట్టెలు కూడా అక్కడికే వస్తాయి, తొందరపడకండి" అన్నారు.

మధ్యాహ్నం భోజనం నేనే తీసుకువెళ్లేదాన్ని. తినడం అవగానే అది వర్క్‌షాపు చుట్టూ తిరిగేది. నేను పది అడుగులు వెనక, సంచిలో నీళ్లు, అరటిపండు, గొడుగు, తువ్వాలు పెట్టుకుని నడిచేదాన్ని. ఈ మాత్రకు చక్కెర మరీ కిందికి జారడం అరుదని డాక్టరమ్మ చెప్పినా, అరుదన్నది మా ఇంటికే వస్తుందని నా నమ్మకం.

"ఏం పిన్నీ, ఊరు వదిలి పోతున్నారా" అనేది గుండీలు కుట్టే అమ్మాయి నా సంచి చూసి. వారం తిరిగేసరికి అదీ మాతో కలిసింది. నెల తిరిగేసరికి మాస్టారు కూడా. మూడో చుట్టుకు ఆయనకు ఆయాసం వచ్చేది. నా నీళ్లు ఆయనకే పనికొచ్చాయి.

నెలన్నర దాటాక మసక తగ్గుతోందని అమ్మాయి చెప్పింది. నడుము దగ్గర బట్టలు వదులయ్యాయి. కాస్త ఎక్కువగా ఉంటూ వచ్చిన బీపీ కూడా కుదురుకుందట. అయినా కాలరు మాత్రం ముట్టుకోలేదు. "అంకె వచ్చాకే కూర్చుంటాను మాస్టారూ. సగం కళ్లతో కుట్టి సీటు పోగొట్టుకోను" అంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున్న రక్తమిచ్చి అది పనికి వెళ్లిపోయింది. ఫలితం మధ్యాహ్నం దాని ఫోనుకే వస్తుందన్నారు. నేను ఇంట్లో భోజనం సర్దుతుంటే ఫోను మోగింది. గుండీల అమ్మాయి గొంతు. వెనక మిషన్ల మోత.

"పిన్నీ, మీ అమ్మాయి చెప్పమంది. పడిపోయింది పిన్నీ, బాగా పడిపోయింది" అంటుండగానే లైను తెగిపోయింది.

మన భాషలో మగవాడైతే పడిపోయాడంటారు. ఆడపిల్లకీ గిన్నెకీ గోడకీ అన్నిటికీ ఒకటే మాట, పడిపోయింది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మెట్ల మీద మా అమ్మాయి, పక్కన విప్పుకుపోయిన గుడ్డకట్ట, ఇదే నా కళ్ల ముందు. పడిపోయిన మనిషి చెప్పమని ఎలా అంటుందన్న ఆలోచన కూడా రాలేదు. పొయ్యి ఆర్పానో లేదో తెలియదు, తలుపు వేశానో లేదో తెలియదు. రెండు వీధులు పరుగెత్తాను. వర్క్‌షాపు మెట్లు ఒక్క బిగిన ఎక్కి రెండో అంతస్తులో తేలాను.

అమ్మాయి దారం పెట్టె దగ్గర నిలబడి మాస్టారితో మాట్లాడుతోంది. నిలబడి ఉంది, నిటారుగా.

"ఎక్కడ తగిలింది?" అన్నాను.

"ఏం తగలడం?"

"పడిపోయావన్నారు కదే."

గుండీల అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను షుగర్ అన్నాను పిన్నీ. అనలేదా?"

"అనలేదే తల్లీ."

గదిలో మిషన్లన్నీ ఆగిపోయి నవ్వులు మొదలయ్యాయి. నేనూ నవ్వుతున్నాననే అనుకున్నాను. చెంపలు తడిగా ఉన్నాయి. అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టింది. తొమ్మిదున్న చోట ఆరు, పక్కన చుక్క, ఏడు. ఆ అంకెల్ని చిన్నపిల్లలా వేలు పెట్టి చదువుకున్నాను.

"రెండు వారాలు మీరు ఆపకపోతే ఇంకా దిగేదేమో" అన్నారు మాస్టారు.

"ఊరుకోండి మాస్టారూ. అమ్మ నా వెంట రోజూ నడిచింది" అంది అమ్మాయి.

నా కూతురు నా తరఫున మాట్లాడింది. ఆ మాటకు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మాస్టారు ఇంకేమీ అనకుండా కత్తిరించి ఉన్న కాలరు ముక్కలు తెచ్చి దాని పాత మిషను మీద పెట్టారు. అది కూర్చుంది. మోటారు మోత మధ్య నేను దాని వెనకే నిలబడ్డాను. కుట్టడం అవగానే ఆయన కాలరును సగానికి మడిచి రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తారు. రెండు కొసలు ఒక్కటే కొస అయ్యాయి.

"రేపటి నుంచి ఇక్కడే కూర్చోమ్మా" అన్నారు. "కట్టలు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి."

అంతలో భోజనాల వేళయింది. నేను తీసుకురావలసింది ఇంట్లోనే ఉండిపోయింది. గుండీల అమ్మాయి తన డబ్బా మా ముందు పెట్టింది, మాస్టారు తనది. నలుగురం పంచుకుని తిన్నాం. చేతులు కడుక్కుని అమ్మాయి మెట్ల వైపు నడిచింది.

"ఈ ఒక్క పూటా కూర్చోవే. సీటు ఇప్పుడే వచ్చింది. నువ్వు అటు వెళ్తే ఇంకెవరైనా కూర్చుంటారేమో" అన్నాను.

"సీటు ఎక్కడికీ పోదమ్మా" అంది అది, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ. "మనం నడకకు పోకపోతేనే పోతుంది."