యాస్కాట్ శనివారం

చినుకూ కాదు మంచూ కాదు, రెండిటికీ కుదరక మధ్యలో ఆగిపోయినట్టుంది, అనుకున్నాడు వాసుదేవరావు వంటింటి కిటికీలోంచి చూస్తూ, ఉతికి పిండకుండా తీగమీద వేసిన గుర్రపు కంబళిలా ఆకాశం ఇళ్ళ కప్పుల మీదికి జారి ఉంది, క్రాన్‌బర్న్‌లో జూన్ అంటే చలికాలం, నెలంతా ఇంతే, ఏడున్నర దాటితేగాని తెల్లవారదు, అక్కడ ఇంగ్లండులో మాత్రం ఎండలు కాస్తున్నాయట, యాస్కాట్ గుర్రప్పందేల మైదానం గట్టిపడిందట, గట్టి నేలైతే పొడుగు అంగల గుర్రానికి కలిసొస్తుంది, పొట్టి అంగల దానికి బురదే నయం, ఛ, మళ్ళీ అటే పోతోంది బుద్ధి, కోడలు అమూల్యకి మాటిచ్చి పద్దెనిమిది వారాలైంది, రేపు ఆ పిల్ల తిరిగొస్తుంది, ఈ ఒక్కరోజు నోరు కుట్టేసుకుంటే చాలు, నోరు కుట్టుకోవడం తనకి కొత్తేమీ కాదు, మావయ్యా, అంది అమూల్య మొన్న కూడా ఫోన్లో, పెర్త్‌లో వాళ్ళక్క ఇంటినుంచి, వెనకాల ఆ పేట పిల్లలెవరో ఇంగ్లీషులో అరుచుకుంటున్నారు, మీ అబ్బాయి కిట్టు మారానంటున్నాడు, నమ్ముతా, పందేల కంపెనీలేవీ తనని రానివ్వకుండా తనే వెళ్ళి పేరు బ్లాక్ చేయించుకున్నాడు, అది చిన్న విషయం కాదు, కానీ మీరు నాకిచ్చిన మాట మీద ఉండండి, ఇంట్లో గుర్రం ఊసు ఎత్తకండి, ఒక్క ముక్క కూడా వద్దు, మీకది టైంపాస్ మావయ్యా, నాకది సవతి, సరేనమ్మా అన్నాడు, సండే ఆర్వోకి, అంటే మధ్యాహ్నం దాటాక, దిగుతా అంది, సరేనమ్మా అన్నాడు మళ్ళీ, ఇంకా అనడానికి ఏముంది, గుర్రాలు తీసేస్తే తన దగ్గర మిగిలే మాటలు ఎన్ని, తిన్నావా, పడుకున్నావా, చలిగా ఉందా, అంతే.

బాపట్ల స్టేషను ముందు జట్కా తోలిన సుందరరామయ్య కొడుకు తను, ఏడో తరగతి దాకా ఊరి బడి, మిగతాదంతా గుర్రం పక్కన, నాన్న గుర్రాన్ని కొనేముందు నుదుటి మీద సుడి చూసేవాడు, కళ్ళకి పైగా ఉందా కిందగా ఉందా, ఒకటా జంటా, మెడమీద వెంట్రుకలు ఎటు తిరిగాయి, ఎడ్లు కొనేవాళ్ళు కూడా వచ్చి పిల్చుకుపోయేవాళ్ళు, కాస్త సుడి చూసిపెట్టు రామయ్యా అని, ఆ చదువు తప్ప ఇంకో చదువు తనకి అబ్బలేదు, నర్సు చదివిన శ్రీదేవిని చేసుకున్నాడు, కిట్టుకి ఏడేళ్ళప్పుడు ఆవిడ వీసా మీద ఈ దేశం వచ్చి, ఇక్కడా వెతుక్కుంటూ వెళ్ళి గుర్రాల దగ్గరే తేలాడు, పదహారేళ్ళు క్రాన్‌బర్న్ శాలల్లో లద్దె ఎత్తాడు, గడ్డి పరిచాడు, గుర్రాలకి తెలుగే చెప్పేవాడు, హో, ఆగవే, కాలెత్తవే, అవి వినేవి, ట్రైనరు నవ్వేవాడు, వాసు, నాతోకంటే నువ్వు వాటితోనే ఎక్కువ మాట్లాడతావయ్యా అని, నిజమే మరి, రిటైరై రెండేళ్ళు, ఇప్పుడు ఆ మాటలు కూడా ఎవరికి చెప్పాలి, కాలెత్తవే అని కుర్చీకి చెప్పలేడు కదా.

బియ్యం కడిగాడు, దోసకాయ చెక్కు తీసి చేదుందేమోనని ముక్క కొరికి చూశాడు, చేదు లేదు, ఫోను పొయ్యి పక్కనే ఉంది, పొద్దున్నే తెరిచాడు, చూస్తే తప్పేంటి, మాటిచ్చింది ఎత్తనని గానీ చూడనని కాదు కదా, ఈ రాత్రి పందేల్లో పరిగెత్తే గుర్రాల పట్టీ చూశాడు, నాలుగో పందెం, పదకొండో నంబరు, బూడిదరంగు మగగుర్రం, మే నెలలో అది పరిగెత్తిన వీడియో సౌండు ఆపేసి మూడుసార్లు చూశాడు, వెనక కాళ్ళు ముందు కాళ్ళ అచ్చుల్ని దాటి పడుతున్నాయి, మలుపులో పక్క గుర్రం తగిలినా చెవులు వెనక్కి వాల్చలేదు, డొక్క ఎగసిపడటం లేదు, ఈ పందెం ఇదే కొడుతుంది, అనిపించింది, అనిపించగానే ఛాతీలో ఏదో లేచి నిలబడింది, అది ఎవరికైనా చెప్పుకోవాలి, శ్రీదేవి ఉంటే వినకపోయినా ఊఁ కొట్టేది, శ్రీదేవి లేదు, పై గదిలో కిట్టు ఉన్నాడు, చెవులకి ఆ పెద్ద డిప్పలు తగిలించుకుని, శనివారం కూడా ఆఫీసు పనేనట, ఈ ప్రపంచం మొత్తంలో పదకొండో నంబరు గురించి తను చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడికే చెప్పకూడదు.

శ్రీదేవి పోయిన మొదటి చలికాలం, కిట్టుకి ఇంకా పెళ్ళి కాలేదు, ఒకే ఇంట్లో ఇద్దరు మగాళ్ళు, నడవలో ఎదురైతే గోడకి ఒత్తిగిలి దారిచ్చుకునేవాళ్ళు, కింద వంటింట్లోంచి పై గదికి మెసేజి పెట్టేవాడు తను, రైస్ రెడీ అని, వాడు బొటనవేలు బొమ్మ పంపేవాడు, ఆ జూన్‌లోనే ఒకసారి భోజనాలయ్యాక టీవీ తిప్పుతుంటే యాస్కాట్ వచ్చింది, పచ్చటి మైదానం, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు, పందేనికి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపిస్తున్నారు, తనకి తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది, ఆ ఎర్రదాన్ని చూడరా, అదే వస్తది, వాడు చూశాడు, అదే వచ్చింది, మెడ పొడవు తేడాతో, హౌ డిడ్ యు నో నాన్నా, అని వాడు సోఫాలోంచి లేచి తన భుజాలు పట్టుకుని ఊపేశాడు, తల్లి పోయాక వాడు తనని ముట్టుకోవడం అదే మొదలు, సుడిరా, నుదుట్లో సుడి చూశా, అన్నాడు తను.

అప్పట్నించి మొదలు, మార్చిలో చెల్టెనమ్, ఏప్రిల్‌లో ఎయిన్‌ట్రీ, జూన్‌లో ఎప్సమ్, యాస్కాట్, అన్నీ ఇంగ్లండువే, ఇక్కడి పందేలు వద్దన్నాడు తను, చేత్తో కడిగి తుడిచిన గుర్రం మీద పందెం కాస్తే ఇంట్లోవాళ్ళ మీద కాసినట్టుంటుంది, అవైతే పరాయివి, తెలుగు మర్చిపోయాడనుకున్న కిట్టు తెలుగు మాట్లాడటం మొదలెట్టాడు, నాన్నా దీని పిక్క చూడు, నాన్నా దీని గిట్ట సన్నం, నాన్నా సుడి పైకుందా కిందికుందా, అమ్మా అన్నం అనే రెండు మాటలు తప్ప నోట మిగలనివాడికి జూలు, డొక్క, దాణా, కళ్ళెం అన్నీ వచ్చేశాయి, తన పక్కకి జరిగి కూచునేవాడు, మోకాలు అదురుతుండేది, ఆ అదురు తను చూశాడు, చూడలేదని ఎలా అంటాడు, చెవి కదిలితే గుర్రం మనసు చెప్పేవాడు కొడుకు మోకాలు చూడలేదా, చూశాడు, చూసి అదంతా తన మీది ప్రేమే అనుకున్నాడు, వాడు రెండో చేత్తో ఫోన్లో ఎంతెంత పందెం కాస్తున్నాడో అమూల్య బయటపెట్టి అక్క దగ్గరికి వెళ్ళిపోయేదాకా తనకి తెలియదు, తెలియాలని తను అనుకోలేదు.

మెట్ల మీద చప్పుడు, కిట్టు వచ్చాడు, గడ్డం మాసి ఉంది, నాన్నా కాఫీ ఉందా, ఉంది, ఫ్రీజింగ్ కదా, ఊఁ, కాఫీ పోసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు, తాగడం లేదు, ఫోను బోర్లా పెట్టి దాని మీద వేళ్ళు ఆడిస్తున్నాడు, ఈ ఆర్వోకి నా ఫ్రెండ్ బాలమురళి వస్తానన్నాడు నాన్నా, వాడికి యాస్కాట్ పిచ్చి, తెలుసుగా, ఊఁ, వాడే అడగమన్నాడు, అంకుల్‌కి నాలుగోదాంట్లో ఏది నచ్చిందో కనుక్కోరా అని, జస్ట్ ఆస్కింగ్, నేనేం పెట్టనుగా, నేను పెట్టలేను కూడా, బ్లాక్ అయిపోయా కదా, ఫర్ ఫన్ నాన్నా, ఒక్క నంబర్, అని నవ్వాడు, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు, మెడ నరం కొట్టుకుంటోంది, ఊపిరి పైపైన ఆడుతోంది, పందెం గేటు తెరుచుకునే ముందు ఇరుకు పెట్టెలో నిలబెట్టిన గుర్రం ఇలాగే ఉంటుంది, ఒళ్ళంతా నిశ్చలంగా, లోపల ఒక్క చోట వణుకుతూ, వాడు పెట్టలేడు, బాలమురళి ఫోనులోంచి పందెం పెట్టొచ్చు, అది తండ్రీ కొడుకులిద్దరికీ తెలుసు.

పదకొండు, అంటే చాలు, ఆ ఒక్క మాటకి వాడు కుర్చీ లాక్కుని పక్కన కూచుంటాడు, ఎందుకు నాన్నా అంటాడు, తెలుగులో అంటాడు, మధ్యాహ్నమంతా ఈ వంటిల్లు మాటలతో నిండిపోతుంది, రేపు ఆ పిల్ల వచ్చి మొహం చూడగానే కనిపెట్టేస్తుంది, సూట్‌కేసు తెరవకుండానే తిరిగి పోతుంది, ఏమో తెలీదురా అని తప్పించుకుంటే, వీడు నమ్మడు, తనకి తెలుసని వీడి నమ్మకం, నాన్న చెప్పడం లేదంటే గట్టిదేదో ఉందనుకుని పై గదికి పోయి తనే వెతుక్కుంటాడు, మౌనంగా ఉన్నా లాభం లేదు, తన మౌనం కూడా వీడికి ఒక నంబరే, పొయ్యి తగ్గించాడు, పప్పు గరిట పక్కన పెట్టాడు, చేతులు తుడుచుకున్నాడు, ఇక మిగిలింది ఒకటే ఉంది, అది చెబితే కొడుకు కళ్ళలో తనకున్న ఆ కాస్త గొప్పా పోతుంది, ఏడో తరగతివాడికి, లద్దె ఎత్తినవాడికి, ఇంకోటి లేదు.

కిట్టూ, ఆ సుడి నాకు కనబడలేదురా, అన్నాడు, ఏ సుడి నాన్నా, మొదటిరోజు ఎర్రగుర్రం సుడి, టీవీలో సుడేం కనబడుద్దిరా, నుదుటికడ్డంగా కళ్ళెం పట్టీ ఉండె, వాట్, అన్నాడు కిట్టు, నవ్వబోయి ఆగి, కమాన్ నాన్నా, మరెలా పిక్ చేశావ్, దాన్ని నడిపించే పిల్ల దాని చెవిలో ఏందో చెప్తా ఉంది, మిగతావాళ్ళు ఊరకనే నడుస్తున్నారు, దీంతో మాట్లాడేవాళ్ళు ఉన్నారు గదా అనిపిచ్చింది, అంతే, నువ్వు సుడి అన్నావ్, అన్నాడు కిట్టు, అన్నానురా, నువ్వట్టా అడిగితే ఇంకేమనాలో తెలీలా, మరి తర్వాతవి, చెల్టెనమ్‌లో మూడు వరసగా చెప్పావ్, రెండేసి పేర్లు చెప్పేవాడిని, ఒకటి తగిలితే చాలు అదే అనుకున్నా అనేవాడిని, తగలకపోతే నేల మెత్తబడిందనో, జాకీ తొందరపడ్డాడనో, లేకపోతే నోరు మూసుకునేవాడిని, ఎప్పుడూ మూసుకునే ఉంటా గదా, నీకు తేడా తెలిసేది కాదు, నాకేం తెలీదురా, గుర్రం జబ్బుపడితే చెప్పగలను, గెలిచేది చెప్పడం మా నాయనకే తెలీదు.

కిట్టు కప్పు బల్ల మీద పెట్టాడు, కాఫీ ఒలికింది, యూ నో వాట్ ఐ లాస్ట్, అన్నాడు మెల్లగా, తెలుసు, నో, యూ డోంట్, అని ఫోను తీసుకుని వెనక తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు, అద్దంలోంచి కనబడుతున్నాడు, కంచె వైపు తిరిగి నిలబడి ఉన్నాడు, చలికోటు కూడా లేదు, ఫోనులో ఏదో కొడుతున్నాడు, బాలమురళికి రావద్దనా, తొందరగా రమ్మనా, వీపు చూసి చెప్పలేకపోయాడు వాసుదేవరావు, ఎంత చూసినా చెప్పలేకపోయాడు, వెళ్ళి కోటు ఇద్దామనుకున్నాడు, వెళ్ళలేదు, తాలింపు పెట్టాడు, అన్నం దించాడు, కుక్కరు ఆవిరికి కిటికీ అద్దం మసకబారి పెరడు కనబడకుండా పోయింది.

ఒంటిగంటకి తలుపు చప్పుడైంది, కిట్టు లోపలికొచ్చాడు, జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది, తనవైపు చూడకుండా సింకు దగ్గర చేతులు కడుక్కుని, రెండు కంచాలు తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూచున్నాడు, తను వడ్డించాడు, వాడు పప్పు కలుపుకుంటున్నాడు, చిన్నప్పుడు తల్లి నేర్పినట్టే వేళ్ళ చివర్లతో, తను ముద్ద ఎత్తి ఆగిపోయాడు, వీడు ఇన్నాళ్ళూ ఏ గుర్రం మీదా కాయలేదు, మా నాన్నకి తెలుసు అన్నదాని మీద కాశాడు, పోయినకొద్దీ అదే పట్టుకుని కాశాడు, ఆ తెలిసిన నాన్న ఇవాళ పొద్దున్నే పోయాడు, ఇక్కడ కూచున్నది ఏమీ తెలియని ముసలాడు, ఆ ముసలాడితో కలిసి తినడానికే ఈ పిల్లాడు చేతులు కడుక్కుని వచ్చాడు, అనుకున్నాడు, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, కిట్టు నెయ్యి గిన్నె ఇటు జరిపాడు, ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.