తగ్గిందన్న మాట

కొండమీది బడికీ కింది ఆసుపత్రికీ కలిపి దాతలు ఒకే జీపు ఇచ్చారు. దాని ఒంటినిండా వాళ్ళ పేర్లే. డ్రైవరుకు దారి కనిపించాలి కాబట్టి, పాపం, అద్దాలు మాత్రం వదిలేశారు.

బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మే కొండమీది జబ్బుల కబుర్లూ కిందికి చేరవేయాలి. బడి వెనక బండ ఎక్కితేనే ఫోను పలుకుతుంది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. అందుకే కింది డాక్టరు ఏమడిగినా "ఒక్క మాటలో చెప్పమ్మా" అంటాడు. పిల్లలు ఆయనకు ఒక్కమాట డాక్టరని పేరు పెట్టేశారు.

ఆ ఉదయం కంబళ్ళు నేసే ఆమె వచ్చి బండ కింద నిలబడింది. ఆమె కూతురు, ఇంకా మాటలు రాని పసిది, జ్వరంతో ఆయాసపడుతోంది. మందు వేసినా తగ్గకపోతే జీపు పంపుతానని డాక్టరు ముందురోజే చెప్పాడు.

"టీచరమ్మా, నాచు పట్టింది, జారతారు!"

"జారితే మీ కంబళ్ళున్నాయిగా వదినా, కింద పరిచేయండి."

ఫోను కలిసింది. "అవతలి కొండమీద కాన్పు కష్టమైందట. జీపు అటా, ఇటా? ఒక్క మాటలో చెప్పమ్మా, పాపకు తగ్గిందా?"

టీచరమ్మ కిందికి వంగి అరిచింది. "వదినా, తగ్గిందా?"

"తగ్గిందమ్మా."

"తగ్గింది సార్."

ఆమె తేలికపడ్డ మనసుతో బండ దిగింది. "గండం గడిచింది వదినా. రాత్రి నిద్రపోయిందా?"

"నిద్రెక్కడిది! ఏడ్చి ఏడ్చి, తెల్లారేసరికి ఏడుపు తగ్గింది. ఇప్పుడు పాలు కూడా మింగట్లేదు. జీపు ఎప్పుడొస్తుందమ్మా?"

టీచరమ్మ పడుతూ లేస్తూ మళ్ళీ బండెక్కింది. ఎంత మొత్తుకున్నా ఫోను పలకలేదు.

ఇద్దరూ పిల్లను కంబళిలో చుట్టుకుని కాలిదారిన దిగడం మొదలుపెట్టారు. ఒకరి చేతులు లాగితే ఇంకొకరు అందుకున్నారు. మలుపు దగ్గర తల్లి ఆగింది. కంబళి తొలగించి చూసింది. వంగి, పిల్ల ముక్కు దగ్గర చెంప పెట్టింది. చాలాసేపు అలాగే ఉండి, చలి తగులుతుందేమోనన్నట్టు మళ్ళీ జాగ్రత్తగా చుట్టింది.

టీచరమ్మ దారిలోనే కూలబడింది.

"టీచరమ్మా," అంది తల్లి, పాఠం అప్పజెప్పే పిల్లలా. "మీరడిగినదానికి నేను సరిగ్గానే చెప్పానా?"

"సరిగ్గానే చెప్పారు వదినా. నేనే సరిగ్గా అడగలేదు."

అప్పుడు ఏడ్చింది తల్లి.